పీపీఎల్ చేతిలో ఉంది, ఎగరడానికి డబ్బు చాలడం లేదు. అలవాటు తప్పకుండా ఉండేదెలా?

పాలమూరు ఫిజిక్స్:

అందరికీ నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ప్రైవేటు పైలట్ లైసెన్సు (పీపీఎల్) ఉంది. కమర్షియల్ వైపు వెళ్లాలన్న ఆలోచన అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఏళ్ల తరబడి రెక్క బొమ్మ బోర్డు మీద గీసి బాణాలు పెట్టాను. ఆ బలం నా చేతికి తెలియాలనిపించింది, నేర్చుకున్నాను. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే కనీసం 40 గంటలకు అయిన ఖర్చు జీతంలో దాచినదీ, పీఎఫ్‌లో తీసినదీ. దాని గురించి నాకు ఏ విచారమూ లేదు.

ఇప్పుడు సమస్య వేరు. నేను నేర్చుకున్న చోట సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానం గంటకు 14,000 రూపాయల పైమాటే. ఇంటి అద్దె, మా అమ్మ మందులు, తమ్ముడి చదువు పోగా నెలనెలా ఒక గంట అన్నది నా జీతానికి అందదు. పోనీ రెండు మూడు నెలలకోసారి వెళదామని స్లాటు తీసుకుంటే, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి షాద్‌నగర్ దాటేసరికి ఫోను వస్తుంది, విజిబిలిటీ లేదు, ఇవాళ ఎగరడం లేదు అని. సెలవు పోతుంది, రోజు పోతుంది. స్లాట్లు ముందుగా కమర్షియల్ శిక్షణ పిల్లలకే ఇస్తారు. వాళ్ల భవిష్యత్తు అందులో ఉంది కాబట్టి తప్పు పట్టలేను, కానీ నా పేరు ఎప్పుడూ జాబితా చివరనే ఉంటుంది.

మొన్న చాలా రోజుల తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని సర్క్యూట్లు (లేచి, రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగడం) చేశాను. ల్యాండింగులు బాగానే వచ్చాయి. కానీ ఒకప్పుడు చేతికి దానంతట అదే వచ్చే పని ఇప్పుడు ఆలోచించి చేయవలసి వస్తోంది. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వే పక్కగా వెనక్కి వెళ్లేటప్పుడు, రేడియోలో చెప్పవలసిన మాట కోసం మనసులో వెతుక్కున్నాను. ఆ వెతుకులాటే నన్ను కలవరపెడుతోంది. క్రమం తప్పకుండా ఎగిరే స్థోమత నాకు లేనప్పుడు, అరకొరగా ఎగరడం ప్రమాదమా? అసలు మానేయడమే బాధ్యత గల పనా?

ఇంట్లో అడుగుతారు, ఉద్యోగం రాని లైసెన్సుకు ఇంత ఖర్చెందుకని. వాళ్లకు సమాధానం చెప్పగలను. నాకు నేను చెప్పుకోవలసి వచ్చినప్పుడే కష్టంగా ఉంది. తక్కువ డబ్బుతో ఏళ్ల తరబడి ఈ అలవాటును నిలబెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఏం చేస్తారో, ఎలా చేస్తారో దయచేసి వివరంగా రాయండి.

మిర్యాలగూడ మోటార్లు:

అమ్మా, నమస్తే. నేను మిర్యాలగూడలో రైస్ మిల్లుల మోటార్లు, బ్లోయర్లు బాగుచేస్తాను. తొంభైల్లో బేగంపేటలో లైసెన్సు తీసుకున్నాను. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేదాకా పెద్ద విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి కదా. ఒక జెట్ దిగడానికి రన్‌వేకు సూటిగా వస్తూ ఫైనల్‌లో ఉంటే మా చిన్న విమానాన్ని పక్కన చక్కర్లు కొట్టమనేవాళ్లు. మేము తిరుగుతున్నంతసేపూ గంటల మీటరూ తిరిగేది, బిల్లూ పెరిగేది. గాలిలో ఒక నిమిషం ఖరీదు ఎంతో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా చేతిలో పుష్కలంగా డబ్బున్న కాలం లేదు, లైసెన్సును వదిలేసిన కాలమూ లేదు.

మానేయవద్దు. ముందు ఆ మాట తీసేయండి.

కాగితం మీద అర్హత వేరు, చేతిలో పట్టు వేరు. అర్హతకు గాలిలో గంటలు కావాలి, దానికి డబ్బు తప్పదు. పట్టులో సగానికి పైగా నేల మీదే, ఇంట్లోనే, రూపాయి ఖర్చు లేకుండా నిలబెట్టుకోవచ్చు. మీరు రేడియోలో మాట కోసం వెతుక్కున్నానన్నారు. ఆ పని ఇంట్లో చేసేది. దాని కోసం నిమిషానికి 230 రూపాయలు పోయవలసిన అవసరం లేదు.

నేను చేసేది చెబుతాను. మా వెనక గదిలో ఒక ఇనప కుర్చీ. దాని ఎదురుగా గోడకు 152 ప్యానెల్ ఫోటో, అసలు కొలతలో ఫ్లెక్సీ మీద కొట్టించాను. పుట్టినరోజు ఫ్లెక్సీలు వేసే షాపులోనే, కొన్ని వందల్లో అయిపోయింది. ఫోటో మీరే తీసుకోవచ్చు, సీటులో కూర్చున్నప్పుడు కంటి ఎత్తు నుంచి తీయాలి. ఫ్యూయెల్ షటాఫ్ వాల్వు 152లో సీట్ల మధ్య నేల మీద ఉంటుంది, అది ఫోటోలో రాదు. అందుకని ఒక చెక్కకు పాత నల్లా పిడి బిగించి కుర్చీ పక్కన సరిగ్గా అదే చోట పెట్టాను.

సాయంత్రం దుకాణం కట్టేశాక పావుగంట అందులో కూర్చుంటాను. ఇంజన్ ఆగింది అనుకుంటాను. ముక్కు దించి వేగం 60 నాట్లకు తెస్తాను. గాలి ఎటు ఉంది, దిగడానికి పొలం ఎటు ఉంది చూస్తాను. ఆ తర్వాత ఇంజన్ మళ్లీ అందుకునేలా మీటల మీద చేయి కదలాలి: కార్బ్ హీట్ బయటికి, ప్రైమర్ లోపలికి తోసి లాకు, కింద వాల్వు తెరిచే ఉందా, మిక్స్చర్ పూర్తి రిచ్, మాగ్నెటోలు రెండూ. పెదవులు కదిలితే చాలదు, పైకి వినపడేలా అనాలి. చేయి నిజంగా ఆ చోటికి వెళ్లాలి. కళ్లు మూసుకుని కూడా వెళ్లాలి. మొదట్లో మా ఇంట్లోవాళ్లు గది తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్లు. ఇప్పుడు మా పెద్దమ్మాయే చెక్‌లిస్టు పట్టుకుని మధ్యలో "రేడియో పోయింది" అంటూ పరీక్ష పెడుతుంది.

అలాగే మొత్తం సర్క్యూట్ కూడా. టాక్సీ అడగడం నుంచి రన్‌వే ఖాళీ చేశానని చెప్పేదాకా, టవర్ మాటలూ నేనే, నా జవాబులూ నేనే. ఆరు నిమిషాల సర్క్యూట్‌కు ఆరు నిమిషాలూ పట్టనివ్వాలి, తొందరగా చదివేసి లేవకూడదు.

రెండోది మెటార్, అంటే విమానాశ్రయం ఇచ్చే వాతావరణ నివేదిక. మీరు ఫిజిక్స్ వాళ్లు, ఇది మీకు ఇష్టమవుతుంది. శంషాబాద్ మెటార్ అరగంటకోసారి వస్తుంది, ఉచితం. రోజూ ఒకటి తీసుకుని, ఇవాళ నేను ఎగరాలంటే ఎగురుతానా అని తీర్పు చెప్పుకోండి. ఉదాహరణకు జూన్‌లో గాలి 240 నుంచి 14 నాట్లు అని ఉందనుకోండి. బేగంపేటలో 27 రన్‌వే, అంటే 270. తేడా 30 డిగ్రీలు, సైన్ సగం, కాబట్టి పక్కగాలి 7 నాట్లు, అదీ ఎడమ నుంచి. 152ను పరీక్షించి చూపిన పక్కగాలి 12 నాట్లు. కానీ మూడు నెలలు ఎగరని మనిషికి ఆ 12 ఎందుకు పనికొస్తుంది? నా సొంత హద్దు నేను ఒక కార్డు మీద రాసి లాగ్‌బుక్కులో పెట్టుకుంటాను. నెలలోపు ఎగిరి ఉంటే ఒక అంకె, రెండు నెలలు దాటితే అంతకంటే తక్కువ అంకె, మూడు దాటితే ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండాల్సిందే. ఆ కార్డు ఇంట్లో నిదానంగా ఉన్నప్పుడు రాయాలి. బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి విమానాలు నిలిపే ఏప్రన్ మీద నిలబడ్డాక మనసు రాజీ పడమంటుంది.

ఎండాకాలం లెక్క ఒకటి. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,742 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11.5 డిగ్రీల దగ్గర. మన మే నెలలో 40 అనుకుంటే 28.5 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,400 పైన కలుస్తుంది. పీడనం ప్రామాణికంగానే ఉన్నా విమానానికి అది 5,100 అడుగుల పైన ఉన్న గాలి. సముద్రమట్టంలో నిమిషానికి 715 అడుగులు ఎక్కే 152 ఇక్కడ ఇద్దరు మనుషులతో ఎంత ఎక్కుతుందో మాన్యువల్ పట్టిక తీసి చూడండి. మీ పిల్లలకూ ఈ లెక్క ఇవ్వండి. నాకైతే ఈ లెక్కలు చేస్తున్నన్నాళ్లూ నేను పైలట్‌నే, లాగ్‌బుక్కులో ఆ నెల గీత లేకపోయినా.

మీ బస్సు సంగతి. డిసెంబరు, జనవరిలో మొదటి బస్సు ఎక్కకండి. పొద్దున ఐదింటికి లేచి బేగంపేట, శంషాబాద్ మెటార్లు రెండూ చూడండి. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉండి, గాలి కదలకుండా, ఆకాశం నిర్మలంగా ఉంటే తెల్లవారేసరికి పొగమంచు పట్టే అవకాశం ఎక్కువ. బయటికి చూస్తూ ఎగిరే విజువల్ నియమాలకు 5 కిలోమీటర్ల విజిబిలిటీ కావాలి. ఆ రోజుల్లో సాధారణంగా పది దాటితే గానీ తెరిపి రాదు. స్లాటు పదకొండుకు అడగండి. మార్చి వచ్చాక తలకిందులు: పొద్దున్నే ఎగరాలి, పదకొండు దాటితే వేడి గాలి కుదుపులు మొదలవుతాయి.

డబ్బు విషయం క్లుప్తంగా. బ్యాంకులో ఏడాది ఆర్డీ కట్టండి, పేరు పెట్టుకుని, దేనికీ ముట్టుకోకుండా. చీటీ వేయకండి, ఇంట్లో అవసరం వస్తే ముందే పాడేసుకుంటారు. ఏడాదికి వచ్చే మొత్తాన్ని అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో దగ్గర దగ్గరగా ఖర్చు పెట్టండి. వాతావరణం రద్దు చేసే రోజులు తక్కువ, ఒక వారం చేసింది తర్వాతి వారానికి చేతిలోనే ఉంటుంది. సమంగా పన్నెండు నెలలకు పంచితే ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టినట్టే అవుతుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో మా జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలి, ఒంటరిగా ఎగురుతున్న యువ పైలట్ ప్రాణం పోయింది. నాకు ఆ ఊరి రైతులు తెలుసు. ఆ రోజు తర్వాత ప్రమాద నివేదికలు చదవడం నా అలవాటులో భాగమైంది. విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ఏఏఐబీ నివేదికలు వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా ఉంటాయి. భయపడటానికి కాదు చదివేది. ఒక్కొక్కటి చదివి, ఈ చోట నేనుంటే నా చేయి ఎటు వెళ్లేది అని ఆ కుర్చీలో కూర్చుని చూసుకోవాలి. ఎగరలేని నెలల్లో మనం చేయగలిగిన దాంట్లో ఇంతకంటే విలువైనది నాకు కనిపించలేదు.

నల్గొండ ఇన్‌స్ట్రక్టర్:

మేడమ్, నాది నల్గొండ, పానగల్లు వైపు. ఇప్పుడు ఒక ఫ్లయింగ్ స్కూల్లో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నాను. మిర్యాలగూడ అన్న రాసిన కుర్చీ పద్ధతిని మా పిల్లలందరికీ చూపిస్తున్నాను. కానీ అన్నా, చలికాలంలోనే డబ్బంతా ఖర్చు పెట్టమన్న మాటతో నాకు పేచీ ఉంది. ఫిబ్రవరిలో ఆపి అక్టోబరులో వచ్చిన మనిషిని నేను సీటులో చూస్తాను. మొదటి రెండు గంటలు పాతది తవ్వి తీయడానికే పోతాయి. చలికాలంలో సంపాదించిన దానిలో పెద్ద భాగం అక్కడే ఇంకిపోతుంది. నా లెక్కలో ఎనిమిది వారాలు దాటకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక్క డ్యూయల్ ఉండాలి, 35, 40 నిమిషాలైనా సరే. అది మానకుండా, మిగిలింది చలికాలానికి పెట్టండి.

విరామం తర్వాత ఏది ముందు పోతుందో నా అనుభవం చెబుతాను. విమానం నడపడం అంత త్వరగా పోదు. ముందు పోయేది చూపు. కళ్లు లోపల ప్యానెల్ దగ్గరే ఆగిపోతాయి, బయట చూడటం తగ్గుతుంది. తర్వాత రేడియో. ఆ తర్వాత కుడికాలు: టేకాఫ్‌లో, ఎక్కేటప్పుడు రడ్డర్ ఎంత ఇవ్వాలో పాదం మరిచిపోతుంది, విమానం పక్కకు జారుతోందని చూపే ప్యానెల్‌లోని బంతి పక్కకు జరుగుతుంది. ఫ్లేర్ ఎత్తు, అంటే దిగేముందు ముక్కు ఎత్తవలసిన ఎత్తు, నాలుగో స్థానంలో వస్తుంది, అందరూ అదే మొదటిదనుకుంటారు. మీరు మొదట గమనించింది రేడియో, కాబట్టి మీ ల్యాండింగులు బాగా రావడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఆ 40 నిమిషాలను ఎలా వాడాలో ఇన్‌స్ట్రక్టర్‌కు మీరే ముందు రోజు ఫోను చేసి చెప్పండి. ఆరు సర్క్యూట్లు ఒకేలా చేయకండి. మొదటిది మామూలుది. రెండోది రెక్కల వెనక ఫ్లాప్స్ దించకుండా. మూడోదానిలో డౌన్‌విండ్‌లో పవర్ తీసేయమనండి, గ్లైడ్‌లో రన్‌వేకు రావాలి. నాలుగోది గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకెళ్లడం), అదీ ఎప్పుడు చెబుతారో మీకు తెలియకుండా. చివరి రెండూ మామూలువి, కచ్చితంగా అనుకున్న చోట చక్రాలు తాకాలి. టవర్ అనుమతించాలి, ట్రాఫిక్ ఉంటే కుదరదు, అయినా అడగాలి. దిగాక పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. ఆ పది నిమిషాలకు మీటరు ఉండదు, కానీ చాలామంది బస్సు కోసం లేచి వెళ్లిపోతారు.

స్లాట్ల గురించి: పరీక్షల ముందు వారాల్లో మా కమర్షియల్ పిల్లలు పుస్తకాల మీద ఉంటారు, విమానాలు ఖాళీగా ఉంటాయి. రద్దయిన స్లాటు ఏదైనా ఉంటే పిలవమని డిస్పాచ్‌లో పేరు రాయించండి. మీకు కాలేజీ దసరా సెలవులు ఉంటాయి కదా, అక్టోబరు వాతావరణానికి అంతకంటే మంచి రోజులు దొరకవు. సంక్రాంతి సెలవులు రెండోది.

ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ గురించి ఎవరైనా అడుగుతారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. చెక్‌లిస్టు క్రమానికి, దారి కనుక్కోవడానికి, పరికరాలు చదవడానికి బాగుంటుంది. లాగ్‌బుక్కులో ఆ గంటలు రావు. ల్యాండింగ్ నేర్చుకోవడానికి మాత్రం వాడవద్దని నా మనవి. సీటు కింద విమానం దిగబడుతున్న భావం తెరలో ఉండదు, కళ్లకు పక్కచూపు ఉండదు. అక్కడ అలవాటైన చేతిని ఇక్కడ సరిచేయడానికి నాకు మళ్లీ గంట పడుతుంది.

కల్వకుర్తి అమ్మాయి, టెక్సస్:

అక్కా, మాది కల్వకుర్తి. ఇక్కడికి వచ్చాక ఉద్యోగం చేస్తూ లైసెన్సు తీసుకున్నాను. ఇక్కడ అంతా చవక అనుకుంటారు గానీ, ఇద్దరు పిల్లల డేకేర్ కట్టే ఇంట్లో గంటకు 160 డాలర్లు తీయడం తేలిక కాదు. మీ బాధ చదువుతుంటే నా ఇంటి సంగతే చదివినట్టుంది.

ఇక్కడి నియమం వింటే మీకు ఒక విషయం స్పష్టమవుతుంది. ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రకారం ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగులు చేసి ఉండాలి. ఒంటరిగా ఎగరడానికి అది కూడా అక్కరలేదు. 24 నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట పాఠం, ఒక గంట ఎగరడం ఉంటే చాలు. అంటే ఇరవై మూడు నెలలు విమానం ముట్టుకోని మనిషి కూడా ఒంటరిగా ఎక్కితే చట్టం ఆపదు. చట్టం గీసింది కనీసపు గీత మాత్రమే. అందుకే మిర్యాలగూడ పెదనాన్న చెప్పిన కార్డు ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్లూ రాయిస్తారు. మన దగ్గర డీజీసీఏ నియమాలు వేరు, మీ లైసెన్సుకూ మెడికల్‌కూ ఉన్న తేదీలు వాటి ప్రకారం చూసుకోండి.

నన్ను నిలబెట్టింది ఎఫ్ఏఏ వాళ్ల వింగ్స్ కార్యక్రమం. ఆన్‌లైన్ పాఠాలు చాలావరకు ఉచితం, అకౌంటు తెరిస్తే ఎక్కడి నుంచైనా చూడవచ్చు. ఎఫ్ఏఏ తన శిక్షణ పుస్తకాలను కూడా ఉచితంగానే పెడుతుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక అధ్యాయం. మీకు ఇవి క్రెడిట్‌గా పనికిరాకపోయినా పాఠంగా పనికొస్తాయి, గాలికి దేశం తేడా లేదు కదా.

ఇంకొకటి. మీకు అమెరికాలో చుట్టాలెవరైనా ఉండి ఎప్పుడైనా వచ్చే ఆలోచన ఉంటే, భారతీయ పీపీఎల్ ఆధారంగా ఇక్కడ ఎఫ్ఏఏ సర్టిఫికేటు తీసుకునే వీలుంది. మీ లైసెన్సును డీజీసీఏ ద్వారా సరిచూసుకోవడానికి ఎఫ్ఏఏకు సమయం పడుతుంది, కాబట్టి ప్రయాణానికి నెలల ముందే దరఖాస్తు పంపాలి. ఇక్కడికి వచ్చాక ఒక ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ ఉంటుంది. దాని కోసమే టికెట్ కొనమనను. వచ్చే పని ఉంటే వదులుకోవద్దంటాను.

మరొక మాట, ఆడవాళ్లుగా మనకు ఇంట్లో ఖర్చు లెక్క అడిగేవాళ్లు ఎక్కువ. నేను లెక్క చూపించడం మొదలుపెట్టాను. ఏడాది మొత్తం ఎంత, దేనిలోంచి తగ్గించాను, అంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఆ తర్వాత ప్రశ్నలు ఆగిపోయాయి. మా ఆయనే ఈ నెల వెళ్లలేదేమని అడుగుతున్నాడు.

పాలమూరు ఫిజిక్స్:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు.

ఫ్లెక్సీ కోసం నిన్ననే న్యూటౌన్‌లో అడిగాను, ఫోటో స్పష్టంగా ఉంటే సాయంత్రానికి ఇస్తానన్నాడు. ఎండ లెక్క ఇవాళ సెకండియర్ పిల్లలకు ఇచ్చాను. ఒక అమ్మాయి, దేవరకద్ర నుంచి వస్తుంది, అక్కడ విమానాశ్రయం వస్తుందంటున్నారు కదా, మరి మా ఊరి ఎత్తుకు ఎంత వస్తుంది మేడమ్ అని తానే ఎత్తు వెతికి లెక్క వేసి తెచ్చింది. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.

మిర్యాలగూడ అన్నగారూ, నల్గొండ తమ్ముడు చెప్పిన ఎనిమిది వారాల మాటకు మీరేమంటారు? ఇంకో సందేహం. సర్క్యూట్లు అవసరమే, కానీ మనసు వాటితో నిండదు. ఒక్కసారైనా సోలో క్రాస్ కంట్రీగా, అంటే ఒంటరిగా దూరప్రయాణంగా, మన ఊళ్ల మీదుగా వెళ్లాలని ఉంది. ఈ బడ్జెట్‌లో అది ఆశపడదగినదేనా?

మిర్యాలగూడ మోటార్లు:

తమ్ముడి మాట నిజమే, వర్షాకాలంలో నేనూ ఒక డ్యూయల్ చేస్తాను, అది రాయవలసింది. జులైలో మేఘం కిందికి దిగి ఉన్న రోజు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని, ఎక్కడ వెనక్కి తిరగాలో నిర్ణయించడం నేర్చుకున్నంత బాగా చలికాలపు నీలాకాశంలో నేర్చుకోలేం. కాబట్టి ఎనిమిది వారాలు ఖాయం చేసుకోండి, మిగిలినది చలికాలానికి. ఆర్డీ అందుకు సరిపోకపోతే 40 నిమిషాలను 30 చేయండి, వారాలను పెంచకండి.

క్రాస్ కంట్రీ తప్పకుండా ఆశపడదగినదే. ఏడాదికొకటి పెట్టుకోండి. మిగిలిన ఏడాదంతా దాని ప్లానే మీ మనసుకు తిండి. బేగంపేట నుంచి మీ మహబూబ్‌నగర్‌కు గాలిలో సుమారు 50 నాటికల్ మైళ్లు, మా నల్గొండకూ దాదాపు అంతే. నాగార్జునసాగర్ ఆనకట్ట 70 దగ్గర. నల్గొండ వెళ్లి తిరిగి రావడం 152లో 90 నాట్లకు గంటా ఏడు నిమిషాలు, గాలి లేకపోతే. 20 నాట్ల ఎదురుగాలి ఉంటే వెళ్లడానికి 43 నిమిషాలు, రావడానికి 27. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోసినా మొత్తం మూడు నిమిషాలు పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో మీ పిల్లలను అడగండి. టాక్సీ, ఎక్కడం, సర్క్యూట్‌లో చేరడం కలిపి గంటన్నరకు డబ్బు సిద్ధం చేసుకోండి. ఇంధనం గంటకు సుమారు 23 లీటర్లు పట్టుకోండి, పైన నిల్వ ఉంచుకోండి.

మన దగ్గర వాయుసేన ఇచ్చే ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్సు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే ఎఫ్ఐసీ నంబరు లేకుండా కదలలేం. ఫ్లైట్ ప్లాన్ పద్ధతి స్కూలు వాళ్లకు తెలుసు, కానీ ఆ కాగితాలు నింపేటప్పుడు పక్కన కూర్చోండి, వాళ్ల చేత నింపించుకోకండి. ఉత్తరాన దుండిగల్, హకీంపేట వాయుసేన గగనతలం, దక్షిణాన శంషాబాద్. మధ్యలోంచి ఏ ఎత్తులో, ఎవరితో మాట్లాడుతూ బయటపడాలో అన్నదే సగం పాఠం. మొదటిసారి డ్యూయల్‌గానే వెళ్లండి.

నేల గుర్తులు ఇప్పటి నుంచే రాసుకోండి. భువనగిరి ఏకశిల కొండ చాలా దూరం నుంచి కనిపిస్తుంది. 65వ జాతీయ రహదారి తెల్లటి చారలా ఎడమ చేతి వైపు ఉంచుకుంటే నార్కట్‌పల్లి దగ్గర నల్గొండ రోడ్డు విడిపోతుంది. తర్వాత లతీఫ్ సాహెబ్ గుట్ట, దాని దాపునే ఊరు, పక్కన పానగల్లు చెరువు. నవంబరులో వెళితే చెరువులన్నీ నిండుగా ఉంటాయి, మ్యాపులో ఉన్న ఆకారంలోనే కింద కనిపిస్తాయి. ఏప్రిల్‌లో వెళితే సగం చెరువులు ఎండి ఉంటాయి, మ్యాపుతో పోల్చి గుర్తుపట్టడం కష్టం. అందుకని నవంబరే పెట్టుకోండి.

మీ ప్లాను కాగితం మీద వేశాక ఇక్కడ పెట్టండి, తమ్ముడూ నేనూ చూస్తాం. మ్యాపు మీద గీత గీసేటప్పుడు పెన్సిలే వాడండి, గాలి మారితే మళ్లీ గీయాలి.

నల్గొండ ఇన్‌స్ట్రక్టర్:

ప్లాను పెట్టేటప్పుడు ప్రతి గుర్తు దగ్గర సమయం గడి ఖాళీగా ఉంచండి మేడమ్, గాలిలో నింపడానికి. రెండు గుర్తుల మధ్య పది నిమిషాలు మించకుండా చూడండి. ఇంకా, దారిలో ఇంజన్ ఆగితే దిగగల చోట్లు మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. నార్కట్‌పల్లి దాటాక బత్తాయి తోటలు ఎక్కువ, పైనుంచి చదునుగా కనిపిస్తాయి గానీ దిగడానికి పనికిరావు. కోత అయిన వరి మడులు చూడండి, గట్లకు సమాంతరంగా దిగేలా. కరెంటు తీగలు పైనుంచి కనపడవు, స్తంభాలను చూసి తీగ ఎటు వెళుతుందో ఊహించాలి.